చెవులపిల్లిని గీయడం నేర్చుకున్న ఏడాది

పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే పనిలోకి కొత్తగా వస్తున్న వాళ్లు కొందరు ఈమధ్య నా ఇల్లు వెతుక్కుంటూ వస్తున్నారు. ఏ బ్రష్షు మంచిది, ఏ కాగితం మీద ఇంకు పాకదు, ముఖం ముద్దుగా రావాలంటే కళ్లు ఎంత పెద్దవి పెట్టాలి అని అడుగుతారు. తెలిసింది చెప్తాను. చెప్పి, "ఇవన్నీ స్టేషనరీ షాపాయన నాకంటే బాగా చెప్తాడు బాబూ, నన్ను అడిగితే కుందేలు సంగతి అడగండి" అంటాను. వాళ్లు మర్యాదకు నవ్వి, టీ తాగి వెళ్లిపోతారు. పెద్దాయన చాదస్తం అనుకుంటారేమో.

ఉద్యోగంలో నేను గీయనిదంటూ లేదు. ఎడ్లబండ్లు, బోరింగులు, టీకాలు వేసే నర్సమ్మలు, పలక పట్టుకున్న పిల్లలు, గోదావరి మీద పడవలు. వాటిలో నాకు పని నేర్పిన బొమ్మ ఒక్కటే. అది ఒక కుందేలు. మా ఖమ్మం వైపు ఊళ్లలో చెవులపిల్లి అంటారు. ప్రమోషన్లు, బదిలీలు, సన్మానాలు ఇక్కడ రాయను. వాటివల్ల నా గీత ఇసుమంత కూడా బాగుపడలేదు. చెవులపిల్లి సంగతి మాత్రం రాస్తాను.

రేకుల గదిలో ఆఫీసు

మాది బోనకల్ దగ్గర పల్లె. తాతల కాలంలో కృష్ణా అవతలి నుంచి వచ్చి ఇక్కడ భూమి చేసుకున్న కుటుంబం. ఇంట్లో అందరికీ మిరపతోట పిచ్చి, నాకు బొగ్గుముక్క పిచ్చి. గోడలన్నీ పాడుచేస్తున్నానని మా నాయన డ్రాయింగ్ ట్రైనింగుకు పంపాడు. అక్కడి నుంచి ముదిగొండ వైపు ఒక హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారునయ్యాను. డ్రాయింగ్ పీరియడు అంటే ఏమిటో చదువుకున్న వాళ్లందరికీ తెలుసు. లెక్కల సారు సిలబస్ పూర్తిచేసుకునే పీరియడు. నేను చాక్‌పీసులు సర్దుకుంటూ వరండాలో నిలబడేవాణ్ణి.

ఎనభైల మొదట్లో భద్రాచలం నుంచి పిలుపు వచ్చింది. అడవి ఊళ్ల బడుల్లో ఒకటో తరగతి పిల్లల కోసం కొత్త వాచకం తయారు చేస్తున్నారట, బొమ్మలేసే మనిషి కావాలట. ఎగిరి గంతేసి వెళ్లాను. ఆఫీసంటే రేకుల కప్పు వేసిన రెండు గదులు. ఎండాకాలం మధ్యాహ్నం ఇంకు బాటిల్ మూత తీస్తే ఆవిరి వస్తుందేమో అనిపించేది. ఉన్నది ముగ్గురం. నేను, టైపిస్టు సుజాత గారు, మా ఆఫీసరు జగన్నాథం గారు.

జగన్నాథం గారు గోదావరి జిల్లాల మనిషి. ఒకప్పుడు తెలుగు పండితులు. చేతిలో పొడుం డబ్బీ, జేబులో భూతద్దం. పాఠంలో ప్రతి వాక్యాన్నీ పైకి చదివేవారు. "ఆరేళ్ల పిల్ల ఒక్క ఊపిరిలో అనగలగాలయ్యా, లేకపోతే అది వాక్యం కాదు, శిక్ష" అనేవారు. ఏ పాఠమైనా అచ్చుకు పోయేముందు నిజం పిల్లల చేత చదివించి చూడాలన్నది కూడా ఆయన పెట్టిన నియమమే. అంత మంచి పని తెలిసిన ఆఫీసరు నాకు మళ్లీ దొరకలేదు. ఒక్కటే ఇబ్బంది. ఒకసారి ఆయన మనసులో ఒక మాట కూర్చుంటే దాన్ని లేపడం బ్రహ్మతరం కాదు. నేనూ ఏం తక్కువవాణ్ణి కాదులెండి. అది తర్వాత తెలిసింది.

క్యారెట్టు కుందేలు

వాచకంలో ఒక పాఠం కుందేలు మీద. తాబేలుతో పందెం వేసుకుని నిద్రపోయే కథే. కింద "గర్వం పనికిరాదు" అన్న నీతి. పేజీ నిండా బొమ్మ నేను వేయాలి. నాకదేం కష్టమనిపించలేదు. ఆఫీసు గోడ మీద సబ్బుల క్యాలెండరు ఒకటుంది. దాంట్లో తెల్లటి కుందేలు, ఎర్రటి కళ్లు, చేతిలో క్యారెట్టు. పూట తిరక్కుండానే దింపేశాను. జగన్నాథం గారు భూతద్దం పెట్టి చూసి, "ముద్దొస్తోందయ్యా" అన్నారు. రంగు అట్ట మీద వేసిన ఆ బొమ్మను చుట్టుకుని, పాఠం పట్టుకుని, పిల్లలకు చూపించడానికి బయల్దేరాను.

కొత్తగూడెంలో బస్సు మారి, జూలూరుపాడు దాటాక దిగి, టేకు చెట్ల మధ్య నడిచి వెళ్లిన ఊరు అది. తాటాకు కప్పిన ఒకే గది బడి, ఒకే పంతులు. పిల్లల్లో ఎక్కువమంది కోయ పిల్లలు. ఇంట్లో వాళ్ల మాట వాళ్లది, బయట మన తెలుగు. నేను అట్ట విప్పి ఎత్తి పట్టుకున్నాను.

"ఇదేంటి?"

అందరూ మెడలు చాచి చూశారు. ఒకడు "పిల్లి" అన్నాడు. ఇంకొకడు ఆలోచించి "మేకపిల్ల" అన్నాడు. పంతులుకు నా ముందు తలకొట్టేసినట్టయింది. "కుందేలురా!" అని అరిచాడు. "కుందేలూ" అని అందరూ ఒక్క గొంతుతో పాడారు. వాళ్ల మొహాల్లో మాత్రం అదేదో పట్నం సామాను పేరు నేర్చుకుంటున్నట్టుంది.

ముందు వరసలో లచ్చి అనే పిల్ల ఉంది. ముందుపళ్లు ఊడి, మాట మధ్యలో గాలి పోతుంటుంది. అది లేచింది.

"సారు, దాని చేతిల గా ఎర్రది ఏంది?"

"దుంపమ్మా. అది తింటుంది."

"దుంప తవ్వుకొని తింటదా? అడవిపందా మరి?"

గదంతా నవ్వులు. ఆ ఊళ్లోకి అప్పటికి క్యారెట్టు ఇంకా అడుగుపెట్టలేదు. లచ్చి నవ్వలేదు. బొమ్మ దగ్గరికి వచ్చి, నిజంగా జాలిపడుతూ అడిగింది.

"దీనికి పాణం మంచిగ లేదా సారు? కండ్లు ఎర్రగున్నయ్."

నేను ఓడిపోయి, ఇది పొడుగు చెవుల జంతువని, గడ్డి తింటుందని, గెంతుతుందని చెప్పుకొచ్చాను. అప్పుడు దాని మొహం వెలిగింది. "చెవులపిల్లా! గిట్లుండది సారు."

నాకు నవ్వొచ్చింది. మా ఊళ్లో మా నాయనమ్మ కూడా చెవులపిల్లి అనే అనేది. బడికెళ్లాక నేనే ఆ మాట వదిలేసి, పుస్తకంలో మాట పట్టుకున్నాను. "మరెట్లుంటది? చెప్పు" అన్నాను.

లచ్చి చెప్పలేదు. నేల మీద గొంతుకూర్చుంది. వీపు గుండ్రంగా వంచింది. రెండు అరచేతులూ చెవుల్లాగా తలకు ఆనించి, వెనక్కి వీపు మీదికి వాల్చింది. ఇక కదల్లేదు. రెప్ప కూడా వేయలేదు. అది చూసి పక్కనున్న వాడు కూర్చున్నాడు. ఆ తర్వాత ఇంకొకరు. చూస్తుండగానే గది నిండా చెవులపిల్లులే. అంతసేపూ గోలగోలగా ఉన్న బడిలో చీమ చిటుక్కుమనలేదు. అప్పుడు ఎవరో తుమ్మారు. అంతే, అన్నీ ఒక్క దూకు దూకి గుమ్మంలోంచి బయటపడ్డాయి. పంతులు వాటిని మళ్లీ లోపలికి తోలుకొచ్చేసరికి ఇంటిబెల్లు వేళయింది.

తిరుగు బస్సులో నా అట్ట విప్పి చూసుకున్నాను. నా కుందేలు క్యారెట్టు పట్టుకుని పళ్లికిలించి నా వంకే చూస్తోంది. దాన్ని చూస్తే నాకే సిగ్గేసింది.

జగన్నాథం గారి వాదన

మర్నాడు ఆఫీసులో లచ్చి మాటలన్నీ చెప్పి, "తెల్లగా ఉంటే గుర్తుపట్టడం లేదు సార్. అడవిలోది మట్టిరంగులో ఉంటుంది. మార్చి వేస్తాను" అన్నాను.

"కుందేలు తెల్లగానే ఉంటుందయ్యా. నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను."

"ఎక్కడ చూశారు సార్?"

"పుస్తకాల్లో."

సుజాత గారి టైపు మిషను ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది.

"పిల్లలకి తెలియకపోతే నేర్పడానికే గదా పుస్తకం?" అన్నారాయన. "వాళ్లకి తెలిసిందే మళ్లీ చూపిస్తే మనమెందుకు?"

"వాళ్లకి చదవడం నేర్పుతున్నాం సార్. చూడటం వాళ్లకి వచ్చు."

ఆయన పొడుం పీల్చారు. "సరే వెయ్యి. కానీ ఒక్కటి. మనది ఒక్క రంగు అచ్చు. నల్ల ఇంకు, చవక కాగితం. మట్టిరంగు జంతువును దాని మీద ఎట్లా చూపిస్తావో చూస్తాను."

నేను పంతానికి పోయి వేశాను. ఒంటి మీద వెంట్రుక వెంట్రుకా గీశాను. ఖమ్మంలో ప్రెస్సు వాళ్లు బ్లాకు చేసి ప్రూఫు తీసి పంపారు. కవరు చింపి చూస్తే గీతలన్నీ కలిసిపోయి ఒక నల్లటి ముద్ద. దానికి రెండు చెవులు. జగన్నాథం గారు భూతద్దం అవసరం లేకుండానే, "మీ లచ్చి చెప్పిన అడవిపంది ఇదేనా?" అన్నారు.

ఇక్కడ కొత్తవాళ్లకు ఒకమాట. ఆఫీసరు మొండివాడైనంత మాత్రాన అతను చెప్పేదంతా తప్పు కాదు. ఆ రోజు అచ్చు సంగతిలో ఆయనదే నూటికి నూరుపాళ్లూ నిజం. మనం కాగితం మీద గీస్తాం గానీ పిల్లల చేతికి వెళ్లేది అచ్చు. కోపం వస్తే రానివ్వండి, వాదనలో మంచి ముక్కను మాత్రం వదలకండి. తక్కువ గీతల్లో మట్టిరంగు జంతువు కనిపించాలి. దానికి నేను ఆ జంతువును సరిగా చూసి ఉండాలి. నిజం చెప్పాలంటే నేను అప్పటిదాకా పొలం గట్ల మీద అది పరుగెత్తిపోతుంటే తోక చూశానే తప్ప, మొహం చూసింది లేదు.

"ప్రెస్సుకు పంపే లోపల ఇంకొక్కసారి పోయి రా. ఈసారి కుందేలేదో, పందేదో ముందు తేల్చుకో" అన్నారు జగన్నాథం గారు.

పొట్టయ్య తెచ్చిన చుట్టం

ఇప్పపువ్వు రాలే రోజులు. ఊరంతా ఆ తీపి వాసనే. లచ్చి వాళ్ల వాకిట్లో పువ్వు ఆరబోసి ఉంది. వాళ్ల నాయనమ్మ దాని ముందు కూర్చుని పుల్లలు ఏరుతోంది. చెవులపిల్లిని చూడాలని వచ్చానని పంతులు ముందే చెప్పి ఉంచినట్టున్నాడు. లచ్చి నాయన పొట్టయ్య నన్ను చూడగానే లోపలికి వెళ్లి ఒక గంప తెచ్చాడు. పొడుగు మనిషి. ఎవరు పెట్టారో గానీ పేరు మాత్రం పొట్టయ్య.

"నీ కోసమే సారు. పొద్దుగాల వల ఏసిన. జల్దీ దొరికింది."

గంప ఎత్తాడు. కాలికి తాడు కట్టి ఉంది. అడవి జంతువుల్ని పట్టకూడదని చట్టం అప్పటికే ఉంది. అతనికీ తెలుసు, నాకూ తెలుసు. ఇంటికొచ్చిన మనిషి కోసం తెచ్చినదాన్ని చూస్తూ ఆ మాట ఎట్లా ఎత్తను? నేనూ ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు. చతికిలబడి కాగితాలు తీశాను.

అంత దగ్గరగా చూడటం అదే మొదలు. క్యాలెండరు కుందేలుకూ దీనికీ చెవులు తప్ప చుట్టరికం లేదు. మెడ వెనక నల్లటి మచ్చ. కళ్లు ముందుకు కాదు, పక్కలకు ఉన్నాయి. నేను ఎటు జరిగినా ఒక కన్ను నా మీదే. వెనక కాళ్లు మడిచిపెట్టుకుంటే చిన్నవిగా కనిపిస్తున్నాయి గానీ, లోపల ఎంత పొడవున్నాయో తొడ చూస్తే తెలుస్తోంది. గీస్తూ పోయాను. లచ్చి నా భుజం మీద గడ్డం ఆనించి చూస్తోంది. ముసలమ్మ పువ్వు ఏరుతూనే ఎవరూ అడక్కుండా చెప్పడం మొదలుపెట్టింది.

"దానికి ఇల్లెందుకు లేదో ఎరుకేనా సారు నీకు?"

"లేదవ్వా, చెప్పు."

"ఎనకట దేవుడు ఇండ్లు పంచుతుండని కబురొచ్చింది. ఎలుక ముందుగాల ఉరికింది, బొక్క తెచ్చుకుంది. పిట్ట పోయింది, గూడు తెచ్చుకుంది. పులి పోయి గుహ తెచ్చుకుంది. చెవులపిల్లి కూడ బయలెల్లింది. కానీ దానికి భయం. అడుగేసుడు, ఆగుడు, ఆగి ఇనుడు. ఆకు రాలితే ఆగింది. పుల్ల ఇరిగితే ఆగింది. గిట్ల పొయ్యేవరకు పొద్దుగూకింది. ఇండ్లన్నీ అయిపోయినయ్. 'ఇంత ఆలిస్యం ఏంది బిడ్డా?' అన్నడు దేవుడు. 'ఇనుకుంట వచ్చిన సామీ' అన్నది. దేవుడు నవ్విండు. 'గింత మంచిగ ఇంటున్నవ్ గద, నీకు ఇల్లెందుకు? ఇవి తీస్కపో' అని గింతింత చెవులిచ్చిండు. గందుకే అది గడ్డిల పంటది. కానీ దానికి తెల్వకుండ అడవిల ఆకు రాలది."

నేను పెన్సిలు ఆపి వింటూ ఉండిపోయాను. తాబేలు పందెం పాఠం నా మనసులో అక్కడికక్కడే చచ్చిపోయింది.

బొమ్మ పూర్తయింది. బాగానే వచ్చిందనుకున్నాను. లచ్చికి చూపించి, "ఇప్పుడు ఎట్లుంది?" అన్నాను. అది చాలాసేపు చూసింది.

"మంచిగుంది సారు. కానీ ఇది కట్టేసిన చెవులపిల్లి."

కాగితం మీద నేను తాడు గీయలేదు. మళ్లీ చూసుకున్నాను. అవును, కట్టేసిందే. ఒళ్లంతా ముడుచుకుని, బరువంతా కింద పడేసి, అన్నీ అయిపోయినట్టు కూర్చున్న జంతువు. ఉన్నదాన్ని ఉన్నట్టే గీశాను మరి.

ఆలోపల పొట్టయ్య లేచి తుండుగుడ్డ దులుపుకున్నాడు. "అయిందా సారు? ఇగ కూరకు ఇద్దాం. ఇయ్యాల మా ఇంట్లనే నీ బువ్వ."

పొద్దుటి నుంచీ దాని కన్ను చూసి గీస్తున్నవాణ్ణి. వద్దంటే అతని మర్యాద పోతుంది. సరే అంటే నా నోట్లోకి ముద్ద దిగదు. పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నాను. అప్పుడు లచ్చి అంది:

"ఇప్పుడేడైంది నాయినా? సారు అది ఉరికేది సూడలె గద."

"ఉరికిస్తే మల్ల వస్తదా ఏందే?"

"రాదు. కానీ ఉరుకుడు సూడకపోతే సారుకు చెవులపిల్లి ఎట్ల తెలుస్తది?"

పొట్టయ్య నా వంక చూశాడు. నేను ఆశగా చూశానేమో, అది దాచలేకపోయి ఉంటాను. అతను తల గోక్కున్నాడు. చివరికి వాళ్లమ్మ వైపు తిరిగాడు. ముసలమ్మ పువ్వుల మీంచి కన్ను తిప్పకుండానే అంది: "ఇడువురా. కూర ఎప్పుడన్న తింటం. సారు మల్ల ఎప్పుడొస్తడో."

"అవ్, సరే" అని పొట్టయ్య తాడు విప్పాడు. విప్పాక కూడా అది కదల్లేదు. నేను కొత్త కాగితం తీసి పెన్సిలు పట్టుకుని సిద్ధంగా ఉన్నాను. ముందు ముక్కు కదిలింది. తర్వాత వీపు మీద వాలి ఉన్న చెవుల్లో ఒకటి లేచి అడవి వైపు తిరిగింది. మడిచి ఉన్న కాళ్లలోకి ఎక్కడి నుంచో బలం వచ్చి చేరడం నాకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఒక్క దూకు. ఇప్పపువ్వు చెల్లాచెదురయింది. ఇంకో దూకుకు కంచె. ఆ తర్వాత గడ్డి ఊగింది, అంతే.

ఊళ్లో కుక్కలన్నీ మొరిగాయి. పిల్లలు కేకలు పెడుతూ కంచె దాకా పరుగెత్తారు. ముసలమ్మ "నా పువ్వు!" అని తిట్టడం మొదలుపెట్టింది. పొట్టయ్య వచ్చి నా కాగితంలోకి తొంగిచూశాడు. తెల్లగా ఉంది.

"ఏంది సారు, గీయలే?"

"లేదయ్యా. చూస్తూ ఉండిపోయిన."

అతను పగలబడి నవ్వాడు. "కూర బాయె, బొమ్మ బాయె!" అని ఊళ్లో కనిపించిన వాళ్లందరికీ చెప్పాడు. మధ్యాహ్నం జొన్న రవ్వతో వండిన గటక, పచ్చిమామిడి తొక్కు పెట్టారు. అంత రుచిగా నేను మళ్లీ తిన్నది లేదు. ఆ పిల్ల నిజంగా బొమ్మ కోసమే అడిగిందా, నా మొహం చూసి అడిగిందా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు.

మూడు కాళ్లు

ఈసారి బొమ్మకు కొద్ది గీతలే పట్టాయి. వీపుకు ఒక్క వంపు. మెడ వెనక నల్లటి మచ్చ. ఒక చెవి వాలి, ఒక చెవి లేచి. చుట్టూ గడ్డి. ఒంటి మీద ఏమీ గీయలేదు. గడ్డిని నల్లగా వేస్తే జంతువు దానంతటదే తేలింది. కూర్చునే ఉంది గానీ మరుక్షణం ఉండదు. దాంతోపాటు ముసలమ్మ చెప్పిన కథ కూడా రాసి తెచ్చాను.

జగన్నాథం గారు కథను రెండుసార్లు పైకి చదివారు. ఊపిరి చాలింది. "ఇందులో నీతి ఏదయ్యా?" అన్నారు. ఆయనే కాసేపు పొడుం డబ్బీ తిప్పుతూ ఆలోచించి, నీతి ఉండాల్సిన చోట ఒక ప్రశ్న రాశారు. 'నువ్వయితే దేవుణ్ణి ఏమి అడిగేవాడివి?' నాకైతే ఎన్నేళ్లు కూర్చున్నా ఆ ఒక్క వాక్యం తట్టేది కాదు.

తర్వాత భూతద్దం బొమ్మ మీదికి వచ్చింది.

"కాలు ఏదయ్యా?"

"ఏ కాలు సార్?"

"ఒకటి, రెండు, మూడు. నాలుగోది ఎక్కడ?"

"అవతలి పక్కన ఉంది సార్. ఇటు నుంచి కనిపించదు."

"పిల్లలు లెక్కపెడతారయ్యా. వెనక పేజీలోనే జంతువులకి నాలుగు కాళ్లని రాశాం. గీసెయ్."

"గీస్తే కూర్చున్నట్టు ఉండదు సార్."

"ఉండకపోతే పోనీ. నాలుగు."

"మూడే సార్."

"నాలుగంటుంటే!"

నాకూ పట్టుదల తలకెక్కింది. గొంతు పెంచాను. "ఎవరు చెప్పినా సరే సార్, దీనికి మూడే!"

టైపు మిషను ఆగిపోయింది. మొండి మనుషుల గురించి మనవాళ్లు తరతరాలుగా అనుకునే మాట ఒకటుంది కదా. ఎవరూ పైకి అనలేదు. ముగ్గురికీ ఒకేసారి గుర్తొచ్చింది. సుజాత గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. జగన్నాథం గారు నవ్వబోయి, పీల్చిన పొడుం అడ్డం తిరిగి, తుమ్ముతూ నవ్వుతూ, కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

"ముప్ఫై ఏళ్లు ఆ మాటకి అర్థం చెప్పానయ్యా క్లాసుల్లో. ఆ మనిషిని కళ్లారా చూడటం ఇదే" అన్నారు.

"ఇద్దరున్నారు సార్" అన్నారు సుజాత గారు.

ఆయన ఇంకా నవ్వుతూనే బొమ్మ మూలన సంతకం పెట్టారు. మూడు కాళ్లతోనే.

మిగతా కుందేళ్లు

ఆ తర్వాత ఇరవై ఏళ్ల దాకా చాలా కుందేళ్లు గీశాను. సింహాన్ని బావిలో దూకించేది, చందమామలో కూర్చున్నది, పందెంలో ఓడిపోయేది కూడా. తొంభైల్లో రంగుల అచ్చు వచ్చాక కుందేలుకు బూట్లు తొడగమని, టై కట్టమని అడిగేవారు. తొడిగాను, కట్టాను. అందులో తప్పేం లేదు. కథలో కుందేలు ఏ వేషమైనా వేస్తుంది. ఒకచోట గర్వపోతు, ఇంకోచోట గడుసుది. చిన్నగా ఉంటుంది, భయపడుతుంది, చివరికి ఎట్లాగో తప్పించుకుంటుంది. అందుకే పిల్లలకు అదంటే ప్రాణం. వాళ్ల బతుకూ ఇంచుమించు అదే కదా, పెద్దవాళ్ల మధ్య.

కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. బూట్లు వేయండి గానీ, ఆ బూట్ల లోపల దూకే కాళ్లున్నాయని మీకు తెలిసి వేయండి. ఇంకో బొమ్మను చూసి బొమ్మ వేస్తే దాని తప్పులు కూడా మీకు వారసత్వంగా వస్తాయి. వేసిన బొమ్మను ముందు పిల్లలకు చూపించండి. మెచ్చుకునే పెద్దవాళ్లకు తర్వాత చూపించుకోవచ్చు. పిల్లలు నవ్వితే నొచ్చుకోకండి. వాళ్లు మొహమాటానికి మెచ్చుకోరు, అదొక్కటే వాళ్లతో సుఖం.

పుస్తకం బడికి చేరాక

బడులు తెరిచాక, వానలు పడి బాటలు కాస్త ఆరాక, ఆ ఊరికి మళ్లీ వెళ్లాను. లచ్చి రెండో తరగతికి పోయింది. ముందుపళ్లు వచ్చాయి. కొత్త వాచకం దానిది కాదు గదా, కిటికీలోంచి తొంగిచూసి, "గిప్పుడు మంచిగుంది సారు" అని ఒక్క మాట అనేసి పరుగెత్తింది. పొట్టయ్య పొలంలో నాట్లకు పోయాడట. ఒకటో తరగతిలో అన్నీ కొత్త మొహాలు. నేనెవరో వాళ్లకు తెలియదు. పంతులు చెప్పబోతే వద్దన్నాను.

వెనక గోడకు ఆనుకుని కూర్చుని చూశాను. నా ముందు ఒక బుడ్డది. నూనె రాసిన జుట్టు, పెద్దవాళ్ల జాకెట్టు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని పేజీలు టపటపా తిప్పేస్తోంది. ఎడ్లబండి, బావి, నర్సమ్మ, అన్నీ ఎగిరిపోతున్నాయి. కుందేలు పేజీ వచ్చింది. చెయ్యి ఆగింది. అట్లాగే ముక్కు ఆనేంత దగ్గరగా వంగి చూసింది. చదవలేదు, వేలు కూడా పెట్టలేదు. చాలాసేపయ్యాక, రెండు చేతులతో పుస్తకం అంచులు పట్టుకుని, చప్పుడు కాకుండా, నెమ్మదిగా, అంగుళం అంగుళం మూయడం మొదలుపెట్టింది.

నేను వంగి అడిగాను. "ఏందమ్మా, గంత మెల్లగ మూస్తున్నవ్?"

అది నోటి మీద వేలు పెట్టుకుని, కోపంగా నా వైపు చూసి, గుసగుసగా అంది:

"ఊకో! ఉరుకుతది."

నేను చెప్పులు చేత్తో పట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ బయటికి వచ్చేశాను.